పాపతో పరిగెత్తడానికి ఎలాంటి స్ట్రోలర్ కొనాలి

డాలస్‌కి ఉత్తరాన ప్లేనో, ఫ్రిస్కో చుట్టుపక్కల కొత్తగా తల్లులైన తెలుగు అమ్మాయిలు నన్ను తరచూ అడుగుతుంటారు, "అక్కా, జాగింగ్ స్ట్రోలర్ ఏది కొనమంటావ్?" అని. అంటే పాపని కూర్చోబెట్టి తోసుకుంటూ పరిగెత్తే బండి. పెళ్లికి ముందునుంచీ నాకు పరిగెత్తే అలవాటుంది, పాప పుట్టాకా మానలేదు. అందుకే నన్నడుగుతారు. కంపెనీ పేరు ఒకటి చెప్పి ఊరుకోవచ్చు గానీ దానివల్ల వాళ్లకి పెద్ద ఉపయోగం ఉండదు. మీ ఎత్తు, మీరు పరిగెత్తే దారి, మీ కారు ట్రంకు, ఇంట్లో ఇంకెవరెవరు దాన్ని తోస్తారు, ఇవన్నీ చూసుకుని కొనాల్సిన వస్తువది. అందుకని నాకు తెలిసినదంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు వయసు సంగతి. నేను పాపని తీసుకుని పరుగుకి వెళ్తానంటే మా అత్తయ్య "ఇంకా మెడ నిలవని పిల్లని పరిగెత్తించడమేంటమ్మా" అని భయపడ్డారు. ఆవిడ భయంలో న్యాయం ఉంది. ఆ మాటకొస్తే, మెడ నిలిచినా సరిపోదు. పరిగెత్తేటప్పుడు సీటు అదురుతూనే ఉంటుంది. ఆ అదురుకి తల ఊగిపోకుండా ఆపుకునే బలం మెడకీ వెన్నుకీ రావాలి. పరుగుకి కనీసం 6 నెలలు నిండాలని స్ట్రోలర్లు చేసే థూలీ కంపెనీ చెబుతుంది, బాబ్ కంపెనీ అయితే 8 నెలలు అంటుంది. నా మటుకు నేను 8 నెలలే మంచిదంటాను. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి పుట్టిన తేదీ నుంచి కాకుండా డాక్టరు ఇచ్చిన డ్యూ డేట్ నుంచి లెక్కేసుకోవాలి. ఏదైనా సరే, మొదలుపెట్టేముందు పిల్లల డాక్టర్ని ఒక మాట అడగండి. "నడకకా, పరుగుకా" అని ఆయన అడక్కపోయినా పరుగుకనే స్పష్టంగా చెప్పండి.

తల్లి ఒంటికీ సమయం కావాలి. కాన్పయ్యాక కనీసం 3 నెలల దాకా పరుగు వద్దని బ్రిటన్ ఫిజియోథెరపిస్టులు 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. పరిగెత్తుతుంటే పొత్తికడుపు కింద బరువుగా అనిపించినా, దగ్గినప్పుడు యూరిన్ లీకైనా, "అందరికీ ఉండేదేలే" అని ఊరుకోవద్దు. దానికి ప్రత్యేకంగా పెల్విక్ ఫ్లోర్, అంటే పొత్తికడుపు అడుగున ఉండే కండరాలు, చూసే ఫిజియోథెరపిస్టులు ఉంటారు, వెళ్లి చూపించుకోండి.

ముందు చక్రం

ఇక బండి దగ్గరికొస్తే, నేను మొట్టమొదట వంగి చూసేది ముందు చక్రాన్నే. మామూలు స్ట్రోలర్‌కి ముందు చిన్న చక్రాలుంటాయి, అవి ఎటు పడితే అటు తిరుగుతాయి. మాల్‌లో తిప్పుకోవడానికి అది హాయి. అదే బండితో పరిగెత్తితే, సైడ్‌వాక్ పగుల్లో పడగానే చక్రం అడ్డం తిరుగుతుంది, వెనకనుంచి మనం అదే వేగంతో తోస్తూనే ఉంటాం, బండి బోల్తా కొడుతుంది. అందుకే పరుగు స్ట్రోలర్‌కి ముందు ఒకే ఒక పెద్ద చక్రం పెట్టి, అది తిన్నగా లాక్ అయ్యేలా చేస్తారు. కొన్ని మోడళ్లలో ముందు చక్రం అసలు తిరగదు, ఎప్పుడూ బిగించే ఉంటుంది. మారథాన్లకి సిద్ధమయ్యేవాళ్లకి అవి బాగుంటాయి. మిగతావాళ్లకి పరుగులో లాక్ చేసి, నడకలో లాక్ తీసేసే రకమే సుఖం.

లాక్ చేసిన చక్రంతో మలుపు తిరగాలంటే హ్యాండిల్‌ని కిందికి నొక్కాలి. ముందు చక్రం నేలమీంచి కాస్త లేస్తుంది, అప్పుడు వెనక చక్రాల మీద బండిని తిప్పుకోవాలి. షాపులోనే ఒకసారి చేసి చూడండి. కొన్ని బండ్లు రెండు వేళ్లతో నొక్కితే లేస్తాయి, కొన్నిటికి భుజాల బలమంతా పెట్టాలి. ఆ తేడా ఫొటోల్లో తెలియదు.

పేరు చూసి కొనేయొద్దు. బేబీ జాగర్ అని ఒక కంపెనీ ఉంది. వాళ్ల సిటీ మినీ జీటీ2కి మూడు చక్రాలే, చూడ్డానికి దిట్టంగానూ ఉంటుంది. కానీ అది పరిగెత్తడానికి చేసింది కాదు. వాళ్లదే సమ్మిట్ ఎక్స్3 పరుగు కోసం చేసింది. అలాగే డబ్బా మీద 'ఆల్ టెర్రైన్' అని ఉంటే గతుకుల్లో నడిపించొచ్చని మాత్రమే అర్థం. మాన్యువల్ కంపెనీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కొనేముందే తెరిచి జాగింగ్ గురించి ఏం రాశారో వెతకండి. ఎన్ని నెలలు నిండాలి, ఎంత బరువు దాకా మోస్తుంది అన్నవి అందులో ఉంటాయి. పరుగు ఊసే లేకపోయినా, వద్దని రాసినా, ఎంత చవగ్గా వస్తున్నా దాన్ని వదిలేయండి. పసిపిల్లల కార్ సీటుని స్ట్రోలర్‌కి తగిలించే అడాప్టర్ చూసి చాలామంది "ఇంకేం, మూడో నెల నుంచే పరిగెత్తొచ్చు" అనుకుంటారు. అది నడకకి మాత్రమే. కార్ సీటు తగిలించి పరిగెత్తొద్దని కంపెనీలే రాస్తాయి.

బ్రేకు, మణికట్టు పట్టీ

డాలస్ అంతా చదునే అనుకుంటాం గానీ ప్లేనోలో ఆర్బర్ హిల్స్ పార్కుకి వెళ్తే దిగుళ్లు అంటే ఏంటో తెలుస్తుంది. బండి 12, 13 కిలోలు, పాప 9, 10 కిలోలు, పైన నీళ్ల సీసా, డైపర్ బ్యాగు. అంత బరువు దిగుడులో మనల్ని ముందుకి లాగేస్తుంటుంది. అలాంటి దారులున్నవాళ్లు చేతి బ్రేకు ఉన్న బండే తీసుకోండి. సైకిల్ బ్రేకులా లివర్ ఉంటుంది కొన్నిటికి. థూలీ అర్బన్ గ్లైడ్‌కి హ్యాండిల్ మీదే తిప్పే రకం ఉంటుంది. ఇది వేగం తగ్గించుకోవడానికి. బండిని ఒకచోట నిలిపి ఉంచడానికి కాలి బ్రేకు వేరే ఉంటుంది. పూర్తిగా చదునుగా ఉండే దారిలో పరిగెత్తేవాళ్లు చేతి బ్రేకు లేకపోయినా సర్దుకోవచ్చు.

మణికట్టు పట్టీ దగ్గర మాత్రం సర్దుబాటు లేదు. హ్యాండిల్‌కి వేలాడే ఆ గుడ్డ పట్టీని చాలామంది అలంకారం అనుకుని వదిలేస్తారు. మనం కాలు మడతపడి పడిపోతే బండి ఒక్కటే రోడ్డు మీదికి దొర్లుకుంటూ పోకుండా ఆపేది అదే. ఆగి నీళ్లు తాగేటప్పుడు కూడా చేతికే ఉంచుకోండి.

కాలి బ్రేకు గురించి ఇంకొక్క మాట. కొన్నిటికి వేయడానికీ తీయడానికీ రెండిటికీ పాదంతో నొక్కితే చాలు. కొన్నిటికి తీసేటప్పుడు బొటనవేలితో పైకి ఎత్తాలి. షూస్ వేసుకున్న మనకి ఏమీ అనిపించదు. సాయంత్రం పాపని పార్కుకి తీసుకెళ్లే అత్తయ్యో అమ్మో చెప్పులతో ఉంటారు, చీర కుచ్చిళ్లు అడ్డం వస్తుంటాయి. ఎత్తి తీసే బ్రేకుతో వాళ్ల వేళ్లు నలుగుతాయి. ఇండియా నుంచి పెద్దవాళ్లొచ్చి నెలల తరబడి ఉండే ఇళ్లలో ఇది చిన్న విషయమేమీ కాదు. వాళ్లొచ్చాక కొంటున్నట్టయితే షాపుకి వాళ్లని కూడా తీసుకెళ్లండి.

టైర్లు, మన నల్లరేగడి, పల్లేరు కాయలు

ఉత్తర టెక్సాస్‌లో చాలాచోట్ల నేల మన కర్నూలు, గుంటూరు వైపు చూసే నల్లరేగడి లాంటిదే. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు వారుతుంది. దానిమీద పోసిన సైడ్‌వాక్ పలకలు ఒకటి పైకి, ఒకటి కిందికి జరిగి ఉంటాయి. పరిగెత్తుతూ ఆ అంచుని ఢీకొంటే దెబ్బ నేరుగా పాప వెన్నుకే తగులుతుంది. అందుకని ఇక్కడ గాలి నింపే పెద్ద టైర్లు, వెనక అదురుని తగ్గించే సస్పెన్షన్ తప్పనిసరి. వెనక 16 అంగుళాలు, ముందు 12 అంగుళాలకి తగ్గకుండా చూసుకోండి. బాబ్, థూలీ రెండూ దాదాపు ఈ కొలతల్లోనే ఉంటాయి. గాలి అక్కర్లేని ఫోమ్ టైర్లు పంక్చర్ కావు, నిజమే, కానీ అదురు ఎక్కువ.

సస్పెన్షన్ ఉందో లేదో కంటితో చూస్తే తెలిసిపోతుంది. వెనక చక్రాల దగ్గర ఫ్రేము ఒకే ముక్కగా ఉందా, మధ్యలో కీలూ స్ప్రింగూ ఉన్నాయా చూడండి. సీటు మీద అరచేతులు ఆనించి గట్టిగా నొక్కితే అది మెత్తగా దిగి మళ్లీ పైకి రావాలి.

గాలి టైర్లంటే పంక్చర్ల భయం ఉంటుంది. ఇక్కడ ట్రెయిల్ అంచుల్లో గోట్‌హెడ్ అనే ముల్లు ఉంటుంది. దగ్గరగా పట్టుకుని చూస్తే మన పల్లేరు కాయే! అచ్చంగా అదే మొక్క, అదే చిన్న పసుపు పువ్వు, ఎలా పడినా ఒక ముల్లు పైకి నిలబడే అదే కాయ. చేలగట్ల మీద చెప్పుల్లేకుండా తిరిగినవాళ్లకి దాని సంగతి చెప్పక్కర్లేదు. స్ట్రోలర్ ట్యూబులు పల్చగా ఉంటాయి, ఒక్క కాయ చాలు. కొన్న వారంలోనే సైకిల్ షాపులో ట్యూబ్ సీలెంట్ తెచ్చి మూడు టైర్లలోనూ పోసుకోండి, చిన్న చిల్లులు వాటంతటవే పూడుకుపోతాయి. గాలి ఎంత కొట్టాలో టైరు పక్కనే రాసి ఉంటుంది, చాలావాటికి గరిష్ఠం 30 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత). వాల్వు మామూలుగా కారు టైరుకి ఉండే రకమే. అయినా గ్యాస్ స్టేషన్ కంప్రెసర్ దగ్గరికి తీసుకెళ్లకండి, అంత చిన్న ట్యూబులోకి గాలి ఒక్కసారిగా వెళ్లిపోతుంది. మీటరున్న చేతి పంపు చాలు.

మీ ఒంటికి సరిపోతుందా

మా ఆయన ఆరడుగులు, నేను 5 అడుగుల 2 అంగుళాలు. హ్యాండిల్ ఎత్తు మార్చుకోలేని బండి మా ఇద్దరిలో ఒకరికే పనికొస్తుంది. హ్యాండిల్ మీ నడుముకి కాస్త పైన ఉండాలి, మోచేతులు కొద్దిగా మడిచి, మణికట్టు వంచకుండా పట్టుకోగలగాలి. మరీ ఎత్తుగా ఉంటే పరుగయ్యాక మెడ, భుజాలు పట్టేస్తాయి. కిందికి ఉంటే నడుము వంగిపోతుంది.

ఇంకొకటి షాపులోనే పరీక్షించాలి, అది మీ అంగ. హ్యాండిల్ పట్టుకుని నడవకుండా నాలుగు అడుగులు నిజంగా పరిగెత్తండి, ఎవరేమనుకుంటారో అనుకోవద్దు. పొడుగ్గా ఉన్నవాళ్లకి పాదం వెళ్లి వెనక ఇరుసుకి తగులుతుంది, మోకాలి కింద ఎముకకి ఒక్కసారి తగిలిందంటే ప్రాణం లేచొస్తుంది. మా ఆయనకి నచ్చిన బండి ఒకటి మేం ఈ ఒక్క కారణంతోనే వద్దనుకున్నాం.

సీటు, నీడ, గాలి

బెల్టు ఐదు చోట్ల పట్టేది కావాలి. రెండు భుజాల మీంచి, రెండు నడుము పక్కలనుంచి, ఒకటి కాళ్ల మధ్యనుంచి రావాలి. బిగించాక భుజం పట్టీ కింద ఒక వేలు దూరితే చాలు, గుప్పెడు దూరితే వదులు. పాప నిద్రపోతే సీటు కొంచెం వాల్చుకునే వీలుండాలి. పరుగు మధ్యలో పిల్లలు నిద్రపోవడం మామూలే. పైకప్పు కనుబొమల దాకా దిగేలా పెద్దదిగా ఉంటే, దాని మీద లోపలికి చూసుకునే చిన్న కిటికీ ఉంటే మంచిది.

టెక్సాస్ ఎండాకాలం 100 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన 38 దాటడం మామూలే. సూర్యుడు రాకముందే పరుగు ముగించుకోవాలి. ఎండ తగులుతోందని స్ట్రోలర్ ముందు పల్చటి చున్నీ కప్పడం మాత్రం ఎప్పుడూ చేయకండి. గాలి ఆడక లోపల వేడి పెరిగిపోతుంది, పైగా పాప మొహం మనకి కనిపించదు. పైకప్పు చుట్టూ వలగుడ్డ ఉన్నవి దొరుకుతాయి, అవి వాడుకోండి. డాలస్‌లో వైట్ రాక్ లేక్ చెరువు చుట్టూ దారి 9 మైళ్ల పైనే ఉంటుంది. ఒకసారి బయల్దేరితే సగంలో పాప ఏడుపు అందుకున్నా కారు దగ్గరికి అడ్డదారి ఉండదు. పాపతో వెళ్లేటప్పుడు కొంతదూరం వెళ్లి అదే దారిన వెనక్కి రావడం మంచిది.

చలికాలంలో సంగతి తిరగబడుతుంది. మనకి పది నిమిషాల్లో చెమటలు పడతాయి, కదలకుండా కూర్చున్న పాపకి మాత్రం ఎదురుగాలి కొడుతుంటుంది. మన ఒంటి వేడిని బట్టి పాపకి చాల్లే అనుకోకూడదు. మధ్యలో ఆగి పాప మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. దుప్పటి బెల్టు బిగించాక పైన కప్పండి, బెల్టు కింద వద్దు. అంచులు చక్రాల్లో పడకుండా లోపలికి దోపండి.

ట్రంకు, ఇల్లు, షాపు

టేపు తీసుకుని మీ కారు ట్రంకు కొలవండి. జాగింగ్ స్ట్రోలర్ మడిచినా పెద్దదే, చిన్న సెడాన్‌లో చాలాసార్లు చక్రాలు ఊడదీస్తే గానీ పట్టదు. చంకలో పాప ఉండగా ఒంటి చేత్తో మడవగలరో లేదో చూసుకోండి, అపార్ట్‌మెంటులో పై అంతస్తులో ఉంటే ఇంకా ముఖ్యం. వెడల్పు 27 అంగుళాల దాకా ఉంటుంది. ఇండియన్ స్టోర్‌లో బియ్యం బస్తాలు పేర్చిన సందుల్లో దీన్ని తిప్పడం నరకం. గుడికీ షాపులకీ, ఇండియా ప్రయాణానికీ చిన్న మడత స్ట్రోలర్ ఇంకొకటి ఉండాల్సిందే. రెండు పనులూ ఒకే బండి చేస్తుందని ఆశపడితే రెండిటికీ సరిగ్గా పనికిరానిది కొంటారు.

ఎంత పెట్టాలి, పాతది కొనొచ్చా

బేబీ ట్రెండ్ ఎక్స్‌పెడిషన్ లాంటివి 150 డాలర్లకి అటూ ఇటూగా దొరుకుతుంటాయి. గాలి టైర్లు, ముందు చక్రానికి లాక్ ఉంటాయి. నున్నటి దారి మీద వారానికి ఒకటి రెండుసార్లు నెమ్మదిగా పరిగెత్తేవాళ్లకి అది చాలు, ఊరికే డబ్బు తగలేయక్కర్లేదు. వారానికి మూడు నాలుగు రోజులు, పగుళ్ల దారుల్లో పరిగెత్తేవాళ్లయితే సస్పెన్షన్ ఉన్నదే కావాలి. కొత్తవి 500 డాలర్ల పైమాటే. అక్కడే పాతవి కొనడం లాభం. వీటిని ఉత్సాహంగా కొని నాలుగుసార్లు తోసి గరాజ్‌లో పెట్టేసేవాళ్లు చాలామంది. సగం ధరకి దాదాపు కొత్తవి దొరుకుతాయి.

పాతది కొంటే మాత్రం ఫ్రేము మీద స్టిక్కర్ వెతికి మోడల్ నంబరు, తయారైన తేదీ ఫొటో తీసుకుని, అమెరికా కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ వెబ్‌సైట్‌లో రీకాల్ ఉందేమో, అంటే లోపముందని ఆ మోడల్‌ని వెనక్కి రప్పించారేమో చూడండి. 2018లో ఈ కమిషన్ బాబ్ స్ట్రోలర్ల తయారీదారు బ్రిటాక్స్ మీద కేసు వేసింది. లివర్ తిప్పి ఊడదీసే ముందు చక్రం సరిగ్గా బిగియకపోతే పరుగులో ఊడిపోయి పెద్దవాళ్లకీ పిల్లలకీ దెబ్బలు తగిలాయన్నది ఫిర్యాదు. ఆ ఏడాది చివర్లో రాజీ కుదిరి, లివర్ సరిగ్గా ఎలా బిగించాలో కంపెనీ ప్రచారం చేసింది. 2022లో ఉప్పాబేబీ వాళ్లు రిడ్జ్ అనే జాగింగ్ స్ట్రోలర్లని వెనక్కి రప్పించారు, వెనక డిస్క్ బ్రేకు రంధ్రాల్లో వేలు పెట్టి ఒక చిన్నారి వేలికొన తెగింది. పేరున్న, ఖరీదైన కంపెనీలే ఇవి. అందుకే లివర్‌తో ఊడే చక్రం ఉన్న బండి ఏదైనా సరే, ప్రతి పరుగుకీ ముందు హ్యాండిల్ నొక్కి ముందు చక్రాన్ని గాల్లోకి లేపి, పైనుంచి ఒక గుద్దు గుద్ది చూస్తాను. పట్టుకుని అటూ ఇటూ లాగుతాను. కదిలితే విప్పి మళ్లీ బిగించాల్సిందే. పాప సీట్లో లేనప్పుడే ఈ పని చేయండి.

పాపకంటే ముందు బియ్యం సంచి

బండి ఇంటికొచ్చాక పాపని కూర్చోబెట్టకుండా, 20 పౌండ్ల సోనామసూరి సంచిని సీట్లో పెట్టి ఐదు బెల్టులూ బిగించండి. 9 కిలోలు, ఇంచుమించు ఏడాది పిల్ల బరువు. దాన్ని తోసుకుంటూ ఇంటి చుట్టుపక్కల ఒక మైలు పరిగెత్తండి. ఖాళీ బండితో తెలియనివన్నీ అప్పుడు తెలుస్తాయి. అంచుల మీద ఎంత అదురుతోంది, మలుపుల్లో ఎంత బలం పెట్టాలి, దిగుడులో బ్రేకు పట్టుకుంటోందా, సంచి పక్కకి జారుతోందా చూడండి. రెండు చేతులతో బిగపట్టి తోయక్కర్లేదు. ఒక చేత్తో తోస్తూ, రెండో చెయ్యి మామూలుగా ఊపుతూ, కాసేపటికోసారి చేతులు మార్చుకోండి. అడుగులు కొంచెం చిన్నవి వేయండి. మీ మామూలు వేగం రాదు, దానికి టెన్షన్ పడొద్దు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోకండి, వెనకనుంచి సైకిల్ గంట వినపడాలి, రేపు పాప గొంతూ వినపడాలి.

ఆ మైలులోనే ఇంకొకటి గమనించండి. చదునైన చోట చక్రం లాక్ చేసి, చిన్నగా తోసి, పట్టీ చేతికి ఉంచుకుని హ్యాండిల్ వదిలితే బండి తిన్నగా పోవాలి. ఎడమకో కుడికో లాగుతుంటే మొదట మూడు టైర్లలో గాలి సమానంగా ఉందో లేదో చూసి, చక్రాలు సరిగ్గా కూర్చున్నాయో చూడండి. అప్పటికీ లాగితే ముందు చక్రం దగ్గర సరిచేసుకునే మర ఉంటుంది, మాన్యువల్ చూసి కొద్దికొద్దిగా తిప్పండి. అయినా దారికి రాకపోతే ఫ్రేములోనే వంకర ఉందన్నమాట, రిటర్న్ గడువులోపు వెనక్కిచ్చి వేరేది తెచ్చుకోండి. అందాకా అట్టపెట్టె పారేయొద్దు.